సైకిల్ కొని మూడు వారాలు, అప్పుడే నాలుగు పంక్చర్లు. తప్పెక్కడ?

గడియారం సెంటర్:

అందరికీ నమస్తే. మాది నల్లగొండ. వయసు 41, బరువు 82 కిలోలు, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. షుగర్ వచ్చేలా ఉందని డాక్టర్ భయపెట్టినప్పటి నుంచి పొద్దున్నే నడుస్తున్నాను కానీ నడక నాకు మహా విసుగు. మా బావమరిది హైదరాబాదులో తెలిసినవాళ్ల దగ్గర ఒక రోడ్డు సైకిల్ సగం ధరకు ఇప్పించాడు. వంపు హ్యాండిల్, సన్న టైర్లు. టైరు మీద 700x25 అని ఉంది. చిన్నప్పుడు అద్దె సైకిల్ తొక్కిన అనుభవం తప్ప నాకేమీ తెలియదు.

మూడు వారాలైంది. నాలుగు పంక్చర్లు, అందులో మూడు వెనక టైరుకే. టౌన్‌లో పంక్చర్ షాపుకు పోతే అతను వాల్ చూసి "ఇదేం వాల్ సార్, మా పైపు దీనికి పట్టదు" అన్నాడు. పది కిలోమీటర్లు దాటేసరికి చిటికెన వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. కూర్చునే చోట నొప్పి సంగతి చెప్పుకోలేను, రెండు రోజులు ఆఫీసులో దిండు వేసుకుని కూర్చున్నాను. లారీలంటే భయం కాబట్టి తెల్ల గీతకు అవతల, రోడ్డు అంచు మీదే పోతున్నాను. అయినా హారన్లు ఆగవు. పానగల్లు దాటాక నాలుగు కుక్కలున్నాయి, వాటికి నేనంటే ప్రత్యేకమైన అభిమానం.

సంక్రాంతి సెలవుల్లో సాగర్ దాకా తొక్కాలని కోరిక. హాలియా మీదుగా 60 కిలోమీటర్ల పైనే ఉంటుంది. అయ్యే పనేనా? లేక సైకిల్ అమ్మేసి మళ్లీ నడకకు పోవాలా?


పాత హెర్క్యులస్:

తమ్మీ, నేను పోస్ట్‌మ్యాన్‌గా 31 ఏళ్లు చేసిన, దేవరకొండ వైపు తండాలన్నీ సైకిల్ మీదే తిరిగిన. చెప్పులేసుకుని, టిఫిన్ డబ్బా తగిలించుకుని. వేళ్ల తిమ్మిరి అనే మాటే ఎప్పుడూ వినలే. లారీ హారన్ కొడితే మట్టిలోకి దిగిపోవాలె, అది పోయినాక మళ్లీ ఎక్కాలె. అంతే. ఇంత చిన్నదానికి అమ్ముడెందుకు.


జడ్చర్ల గాలిపంపు:

పెద్దాయన మాట మీద తర్వాత మాట్లాడతాను, ముందు పంక్చర్ల సంగతి. మాది జడ్చర్లలో సైకిల్ షాపు, మా నాన్న కాలం నుంచి. గేరు సైకిళ్లు ఎక్కువగా వస్తున్నది ఈ అయిదారేళ్లుగానే.

సార్, ట్యూబులు పారేయకపోతే బయటికి తీసి చూడండి. రంధ్రం ఒకటా, రెండా? రెండు చిన్న గాట్లు పక్కపక్కనే, పాము కాటులాగా ఉంటే అది ముల్లు కాదు, గాలి తక్కువ. గుంతలో పడ్డప్పుడు టైరు నలిగి, ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఇరుక్కుని తెగుతుంది. సన్న టైరు, 82 కిలోల మనిషి, చేత్తో నొక్కి చూసి "గట్టిగానే ఉంది" అనుకుంటే మోసపోతారు. మీ టైరుకు వెనక 90 నుంచి 95, ముందు 80 నుంచి 85 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, పంపు మీటరు మీద ఉంటుంది) దగ్గర మొదలుపెట్టండి, టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠం మాత్రం దాటొద్దు. ఈ సన్న ట్యూబుల్లో గాలి దానంతటదే దిగిపోతుంది, వారంలో బాగా తెలుస్తుంది. కాబట్టి బయల్దేరే ప్రతి పొద్దున చూసుకోవాల్సిందే. మీటరు ఉన్న నిలువు పంపు ఒకటి కొనండి. హెల్మెట్ తర్వాత మీరు పెట్టే మొదటి ఖర్చు అదే కావాలి, మెరిసే జెర్సీ కాదు.

రంధ్రం ఒక్కటే ఉండి బయటి వైపు ఉంటే ముల్లో, గాజో, తీగో. లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే రిమ్ టేపు, అంటే చువ్వల రంధ్రాలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ము లోపల చుట్టే పట్టీ, జరిగి ఉంటుంది, టేపు మారిస్తే సరి. వెనక టైరుకే మూడుసార్లు అన్నారు చూడండి, నా అనుమానం ఏమిటంటే మొదటిసారి గుచ్చుకున్నది ఇంకా టైరులోనే ఉంది. షాపుల్లో చాలామంది ట్యూబుకు ప్యాచ్ వేసి ఎక్కించేస్తారు, టైరు లోపల చూడరు. టైరు విప్పి, లోపల చుట్టూ పాత నూలు గుడ్డతో తుడవండి, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఉంది దొంగ. వేలితో తడమొద్దు, తెగుతుంది. పల్లేరు కాయ ముల్లయితే కనిపిస్తుంది. సర్కారు తుమ్మ ముల్లు విరిగి రబ్బరులో ఉండిపోతే సులభంగా కనిపించదు. అన్నిటికన్నా చెడ్డది లారీ టైర్లు పగిలినప్పుడు రాలే ఇనుప తీగ, వెంట్రుకంత సన్నంగా ఉంటుంది, టైరులో కూర్చుని వారానికొక ట్యూబు తింటుంది.

ఇవన్నీ ఎక్కడ ఉంటాయి? మీరు తొక్కే చోటే. రోడ్డు మధ్య భాగాన్ని బండ్ల టైర్లు రోజంతా ఊడుస్తాయి. ఊడ్చిందంతా పోయి చేరేది తెల్ల గీత అవతలకు. మీరు లారీలకు భయపడి చెత్తకుప్ప మీద తొక్కుతున్నారు సార్, అంతకన్నా ఏమీ లేదు. చిన్న రోడ్ల మీద అంచు నుంచి ఒక మీటరు లోపలికి రండి.

మీ వాల్ పేరు ప్రెస్టా. కొనలో చిన్న నట్టు ఉంటుంది, దాన్ని వదులు చేసి, ఒకసారి నొక్కి, అప్పుడు గాలి కొట్టాలి, అయ్యాక నట్టు బిగించాలి. దానికి తొడిగే ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, వేలి గోరంత ఉంటుంది. అది జేబులో ఉంటే బైకులకు గాలి కొట్టే ఏ షాపులోనైనా పని జరుగుతుంది. కానీ కంప్రెసర్‌తో జాగ్రత్త, ఈ ట్యూబులో పట్టే గాలి కొంచెమే, అతను బైకు టైరు అనుకుని పట్టుకుంటే మీ ముందే పేలుతుంది. నా షాపులోనే పేలింది ఒకసారి, ఆ రోజు ట్యూబు డబ్బులు నేనే పెట్టుకున్నాను.

దారిలో ఆగిపోతే అని ఒక ట్యూబు, ప్లాస్టిక్ టైరు లివర్లు రెండు, చిన్న పంపు సీటు కింద సంచిలో పెట్టుకోండి. ఇంట్లో టీవీ చూస్తూ రెండుసార్లు విప్పి ఎక్కించడం నేర్చుకోండి. మొదటిసారి నలభై నిమిషాలు పడుతుంది, పర్వాలేదు.


మిర్యాల రైడర్:

అన్నా, నేను మిర్యాలగూడ నుంచి. స్కూల్ టీచర్ని, రెండేళ్లుగా తొక్కుతున్నాను, తోటి టీచరు ఒకామె కూడా వస్తుంది. పొద్దున అయిదున్నరకు బయల్దేరి ఏడింటికల్లా ఇంట్లో ఉంటాం, ఎందుకంటే ఆ తర్వాత రైస్ మిల్లుల లారీలూ స్కూల్ బస్సులూ ఒకేసారి మొదలవుతాయి. మీ ప్రశ్నలో లేనిదొకటి చెప్తాను. అది వడ్లు.

ఇప్పుడంటే వానలు. దసరా దాటాక కోతలు మొదలైతే మన జిల్లాలో సగం రోడ్లు కళ్లాలే. యాసంగి కోతలప్పుడు ఏప్రిల్, మేలోనూ అంతే. వడ్ల మీదికి సన్న టైరు పోతే నూనె మీద పోయినట్టే. నేను పడ్డది అలాగే, వేగం ఎక్కువేం లేదు, వడ్లు కనబడగానే కంగారుగా ముందు బ్రేకు నొక్కి హ్యాండిల్ తిప్పాను. మణికట్టు వాచి పది రోజులు బోర్డు మీద ఎడమ చేత్తో రాశాను, పిల్లలకు పండగ. తప్పించుకోలేకపోతే చేయాల్సింది ఏమీ చేయకుండా ఉండటమే. బ్రేకు వద్దు, మలుపు వద్దు, తొక్కడం ఆపి, హ్యాండిల్ నిటారుగా పట్టుకుని దాటిపోవాలి. అసలు ప్రమాదం వడ్లు ఎత్తాక ఉంటుంది. పట్టాలు ఎగరకుండా పెట్టిన రాళ్లు రోడ్డు మీదే వదిలేస్తారు, చీకట్లో అవి కనబడవు. అందుకే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు రెండూ ఉండాలి. తెల్లారినా వెనక లైటు ఆపకండి.

బ్రేకుల మాట వచ్చింది కాబట్టి, మన దగ్గర మామూలుగా కుడి చేతి బ్రేకు ముందు చక్రానికి ఉంటుంది. మీది సెకండ్ హ్యాండ్, ఎవరైనా మార్చారేమో ఆగి ఉన్నప్పుడే నొక్కి చూసుకోండి. పొడి రోడ్డు మీద ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంటుంది, రెండూ కలిపి నొక్కుతూ నడుము వెనక్కి జరపాలి. ఇసుక, వడ్లు, తడి మట్టి మీద మాత్రం ముందుది ముట్టుకోవద్దు.

కుక్కలకు వేగం పెంచితే వాటికి ఆట. దూరం నుంచే నెమ్మదించండి, మరీ మీదికొస్తే దిగి సైకిల్‌ని మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నడవండి, గట్టిగా అదిలించండి. చాలావరకు అక్కడితో వాటి సరదా తీరిపోతుంది. ఒకవేళ కరిస్తే, గీరినా సరే, పావుగంట సేపు ధారగా నీళ్ల కింద సబ్బుతో కడిగి అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. పసుపు, కారం పెట్టే పని చేయకండి.

ఆడవాళ్లెవరైనా చదువుతుంటే, చున్నీ నడుముకు కట్టుకోండి లేదా ఇంట్లో వదిలేయండి, చైన్లోకి పోతే నేరుగా కిందికే.


పాలమూరు పెడల్:

తిమ్మిరికీ నొప్పికీ నా దగ్గర జవాబు ఉంది, మొదటి ఆరు నెలలు నేనూ అదే పడ్డాను.

గోడ పట్టుకుని సైకిల్ ఎక్కి, పెడల్ అన్నిటికన్నా కింద ఉన్నప్పుడు మడమ దాని మీద పెట్టండి. కాలు పూర్తిగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, సీటు ఎత్తు సరిపోయినట్టు. మనవాళ్లు రెండు కాళ్లూ నేలకు ఆనాలని సీటు బాగా దించుతారు, దాంతో మోకాలి ముందు భాగం నొప్పి. ఎక్కువ ఎత్తితే మోకాలి వెనక లాగుతుంది, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంది. ఒకసారికి అర సెంటీమీటరు కన్నా ఎక్కువ మార్చకండి, మార్చాక రెండు రైడ్లు చూడండి.

చేతుల తిమ్మిరి అసలు చేతుల జబ్బు కాదు. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే శరీరం ముందుకు జారుతుంది, బరువంతా అరచేతుల మీద పడుతుంది, చిటికెన వేలి వైపు నరం నలుగుతుంది. సీటు మీద చెక్క స్కేలు పెట్టి మట్టంగా ఉందో లేదో చూడండి. మోచేతులు కర్రల్లా బిగించొద్దు, అయిదు నిమిషాలకోసారి పట్టు మార్చండి. వంపు హ్యాండిల్ పెట్టిందే అందుకు, పట్టుకోవడానికి మూడు చోట్లున్నాయి. ఇంత చేసినా తగ్గకపోతే హ్యాండిల్ మీకు దూరమైందన్నమాట, పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) వేయిస్తే సరిపోతుంది.

కూర్చునే చోట నొప్పికి మెత్తటి జెల్ కవరు కొనకండి, అది ఇంకా ఒరుసుకుంటుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ కొనండి, దాని లోపల డ్రాయర్ వేసుకోకూడదు. సిగ్గుపడి దీన్ని ఎవరూ చెప్పరు, అందరూ వేసుకుని పుండ్లు చేసుకుంటారు. రైడ్ అయిన వెంటనే విప్పి ఉతకాలి. మూడు వారాలంటే ఇంకా చర్మానికి అలవాటు కాలేదు, మరో రెండు వారాలు వారానికి మూడు రోజులే తొక్కండి.

గేర్ల గురించి అడగలేదు కానీ మీరు కచ్చితంగా బరువు గేరు మీద తొక్కుతూ ఉంటారు, కొత్తవాళ్లందరూ అంతే, బరువుగా ఉంటేనే వ్యాయామం అనుకుంటాం. పదిహేను సెకన్లలో కుడి కాలు ఎన్నిసార్లు కిందికి వచ్చిందో లెక్కపెట్టండి. ఇరవై వస్తే నిమిషానికి 80, బాగుంది. పన్నెండో పదమూడో వస్తే గేరు తేలిక చేయండి, మోకాళ్లు బతుకుతాయి. ఎత్తు మొదలయ్యే ముందే మార్చాలి, సగం ఎక్కాక బలంగా తొక్కుతూ మారిస్తే చైను పడిపోతుంది.

గంట దాటే రైడ్ అయితే గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, ఎండ ఉంటే ఒక బాటిల్లో ఓఆర్ఎస్. దాహం వేసేదాకా ఆగొద్దు. మాది మర్రిచెట్టుకే సెలైన్ బాటిళ్లు కట్టిన ఊరు. 2018లో పిల్లలమర్రికి చెదల మందు అలా ఎక్కించారు, గుర్తుందా? మనుషులకు ఆ గతి పట్టకూడదు. తినడానికి పల్లిపట్టీ, అరటిపండు చాలు, రంగు ప్యాకెట్లు అక్కర్లేదు. మీకు షుగర్ మాట కూడా ఉంది కాబట్టి ఏం తినాలో, ఎంత దూరం పోవచ్చో మీ డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.


పాత హెర్క్యులస్:

ఒక మీటరు లోపలికి రమ్మంటున్నరు జడ్చర్ల తమ్ముడు. లారీ వాడు గుద్దితే మీటరు లెక్క ఎవడు చెప్తడు? నేను 31 ఏళ్లు దిగి బతికిన.


జడ్చర్ల గాలిపంపు:

పెద్దాయనా, మీ బండి టైరు ఎంత మందం? ఒకటిన్నర అంగుళం. దానితో మట్టిలోకి దిగొచ్చు, ఎక్కొచ్చు, చేనుగట్టు మీద కూడా పోవచ్చు. ఈ సార్ టైరు ఒక అంగుళం, వంద పీఎస్ఐకి దగ్గర్లో గాలి. తారు అంచుకూ మట్టికీ మధ్య నాలుగు వేళ్ల దిగుడు ఉంటుంది చూడండి, వానాకాలం ఇంకా ఎక్కువ. దిగడం ఎలాగో దిగుతారు, మళ్లీ ఎక్కేటప్పుడు టైరు ఆ అంచుకు ఒరుసుకుని జారిపోతుంది, మనిషి పడేది రోడ్డు వైపే. నా దగ్గరికి వంకరపోయి వచ్చే ముందు చక్రాల్లో ఎక్కువ ఈ కథే. దిగాల్సి వస్తే పూర్తిగా ఆగి, కాలు కింద పెట్టి, సైకిల్ ఎత్తి మళ్లీ రోడ్డు మీద పెట్టుకోవాలి.

ఇంకోటి, అంచున పోతుంటే వెనకవాడికి "ఇదే లైన్లో పట్టేస్తా" అనిపిస్తుంది, తగిలేంత దగ్గరగా పోతాడు. మీటరు లోపల ఉంటే వాడు స్టీరింగ్ తిప్పి దాటాలి, తిప్పాలంటే మిమ్మల్ని చూడాలి. హారన్ కొట్టాడంటే చూశాడనే అర్థం, కొట్టనివాడితోనే భయం. ముఖ్యంగా వంకరటింకరగా పోవద్దు, గుంత వస్తే ముందే వెనక్కి చూసి, చెయ్యి చూపి జరగాలి. ఇక 65 నంబరు హైవే, నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే నాలుగు లైన్ల రోడ్డు, ఇలాంటి వాటి మీద లెక్క వేరు, అక్కడ తెల్ల గీత అవతలి పక్క లైను విడిచి లోపలికి రాకూడదు. నన్నడిగితే మొదటి మూడు నెలలు అసలు అటు పోనే పోవద్దు.


పాత హెర్క్యులస్:

అంగుళం టైరా! గది సైకిలా, దారమా. సరే, నా మాట నా బండికే. కానీ ఒకటి చెప్త, ఇది ఏ బండికైనా పనికొస్తది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేటట్టు దారి చూసుకో. ఈ వానాకాలం గాలి పడమటి నుంచి కొడతది, పొద్దున లేవగానే చెట్ల కొమ్మలు చూడు. కుషీగా గాలివాటం పోయి, అలసినాక ఎదురుగాలిలో రావాల్సి వస్తే ఏడుపే. ఉత్తరాలు పంచి ఖాళీ సంచితో తిరిగొచ్చేటప్పుడే నాకు ఎక్కువ కష్టమయ్యేది, ఎందుకో చాలా ఏండ్లకు అర్థమైంది.


మిర్యాల రైడర్:

సాగర్ సంగతి ఎవరూ చెప్పలేదు. అవుతుంది అన్నా, సంక్రాంతికి నాలుగు నెలల పైనే ఉంది. ఇప్పుడు పన్నెండు పదిహేను తొక్కుతుంటే వారానికోసారి మాత్రం రెండు కిలోమీటర్లు పెంచండి, మిగతా రోజులు అంతే ఉంచండి. నాలుగు వారాలకోసారి తగ్గించి విశ్రాంతి. 40 హాయిగా తొక్కగలిగిన రోజున 60 వచ్చేసినట్టే, మిగతాది నీళ్లూ తిండీ. ఒక్క పూట పోవడమే పెట్టుకోండి, తిరుగు ప్రయాణానికి ఇంట్లోవాళ్లను కారు తెమ్మనండి, వాళ్లకూ డ్యామ్ చూసినట్టుంటుంది. జనవరిలో పొగమంచు ఉంటుంది కాబట్టి ఆరున్నర దాటాకే బయల్దేరండి.


గడియారం సెంటర్:

మూడు వారాల తర్వాత వస్తున్నాను, అందరికీ థ్యాంక్స్. టైరు విప్పి గుడ్డతో తుడిస్తే పట్టుకుంది. తీగే. వెంట్రుకంత, పటకారుతో లాగితే అర సెంటీమీటరు వచ్చింది. ఆ తర్వాత పంక్చర్ లేదు. పాత ట్యూబుల్లో ఒకదానికి పాము కాట్లు కూడా ఉన్నాయి, అంటే రెండు తప్పులూ చేశాను. సీటు ముక్కు నిజంగానే వంగి ఉంది, సరిచేశాక తిమ్మిరి పదిహేను కిలోమీటర్ల దాకా రావడం లేదు. ప్యాడ్ షార్ట్స్ గురించి చెప్పినందుకు పాలమూరు అన్నకు ప్రత్యేకంగా, మా ఆవిడ ముందు వేసుకోవడానికే కొంచెం మొహమాటం, పైన మామూలు షార్ట్స్ వేస్తున్నాను.

మీటరు లోపలికి రావడానికి మాత్రం వారం పట్టింది. మొదటి రోజు మెడ వెనక చెమటలు. కానీ ఆ మాట నిజమే, బండ్లు ఇప్పుడు దూరంగా దాటుతున్నాయి. నిన్న ఉదయసముద్రం కట్ట దాకా, అటు నుంచి ఇంకొంచెం, మొత్తం 24. కుక్కల దగ్గర దిగి నడుస్తున్నాను, పెద్దది ఇప్పుడు లేవడం కూడా మానేసింది.

ఒక్కటే సందేహం. ఎడమ కాలు కిందికి పోయిన ప్రతిసారీ టక్ టక్ అని చప్పుడు. చైనుకు ఆయిల్ వేశాను, పోలేదు.


జడ్చర్ల గాలిపంపు:

చైను కాదు, పెడల్ వదులైంది. బిగించండి, కానీ జాగ్రత్త సార్, ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, అన్ని బోల్టుల్లా కుడి వైపు తిప్పితే ఊడి వస్తుంది. ఎడమ వైపు తిప్పితే బిగుస్తుంది. ముందు పూర్తిగా విప్పి, మరలో మట్టి తుడిచి, కొంచెం గ్రీజు రాసి, మొదటి నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించి ఆ తర్వాత పానా వాడండి. అప్పటికీ చప్పుడు పోకపోతే బీబీ, అంటే రెండు పెడళ్ల మధ్య తిరిగే ఇరుసు (బాటమ్ బ్రాకెట్), చూడాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు.